రెంటచింతల్లో ఉన్నికోటు

రెంటచింతలలో దర్జీకి చలికాలం పని అంటూ వేరే ఉండదు. పుష్యమాసంలో ఓ పది రోజులు ముసలివాళ్ళు తెల్లారుజామున దుప్పటి కప్పుకుంటారు, అంతటితో సరి. మిగతా ఏడాదంతా మలుమల్లు, వాయిలు, లాంగ్‌క్లాతు. వెంకటాద్రి బట్టల కొట్టు అరుగు మీద మిషను వేసుకుని కూర్చున్న జాన్ సాహెబు ముప్ఫై ఏళ్ళుగా ఆ మూడు గుడ్డల మీదే బతికాడు. అట్లాంటివాడి ఒళ్ళో అరవై రెండో సంవత్సరం జనవరిలో మూడున్నర గజాల ఉన్నిగుడ్డ వచ్చి పడింది. బూడిద రంగు. గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకున్నట్టు బరువుగా, వెచ్చగా ఉంది.

"సాయిబూ, ఈ కోటు తొడుక్కుని మే నెల ఎండలో మన బజారు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచినోళ్ళకి నా కొట్టు రాసిస్తా" అన్నాడు మద్రాసు నుంచి ఆ గుడ్డ తెప్పించిన వెంకటాద్రి.

"రాయించుకోటానికి ఆ మనిషి మిగలొద్దూ శెట్టిగారూ" అన్నాడు జాన్ సాహెబు.

అరుగు కింద నిలబడ్డ సుందరి పకపకా నవ్వింది.

సుందరి మిషన్ బడిలో పంతులుగా ఉన్న ఇన్నయ్య మాష్టారి ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి డిసెంబరులో ఆఖరి పరీక్షలు రాసి వచ్చింది. డాక్టరు పరీక్ష పాసైనా, ఒక ఏడాదిపాటు పెద్ద ఆసుపత్రిలో హౌస్‌సర్జనుగా పనిచేస్తేగాని స్వంతంగా మందు రాసే హక్కు రాదు. ఆ ఏడాది సుందరి ఐర్లండులో చెయ్యబోతోంది. ఊళ్ళో చర్చి చూసే ఫాదరు గారిది ఆ దేశమే. ఆయన చెల్లెలు అక్కడ కన్యస్త్రీలు నడిపే ఆసుపత్రిలో ఉంటుంది. ఉత్తరాలు నడిచాయి, చోటు ఖాయమయింది. జూన్ మొదట్లో బొంబాయిలో ఓడ ఎక్కి జులై ఒకటో తారీకుకి పనిలో చేరాలి. ఆలోగా సిద్ధం చేసుకోవాల్సినవి ఒక కాగితం మీద రాసి పంపారు: పరీక్ష పాసైన కాగితాలు, మశూచి టీకా చీటీ, ప్రయాణానికి నెలలోపల తీయించిన ఛాతీ ఎక్స్‌రే, దళసరి ఉన్నికోటు.

మొదటి మూడింటికీ గుంటూరు ఉంది. నాలుగోదానికి మద్రాసు పోతే కుట్టిన కోట్లే దొరుకుతాయన్నారు గాని, అవన్నీ దొరసానుల కొలతలట. ఒక్కోదాంట్లో ఇద్దరు సుందరులు పడతారు.

"ఏదమ్మా ఆది?" అని జాన్ సాహెబు అలవాటుగా చెయ్యి చాచాడు. ఆ ఊళ్ళో ఏ ఆడమనిషీ దర్జీచేత ఒంటికి టేపు పెట్టించుకోదు. సరిపోయే పాత రవికె ఒకటి తెచ్చి అరుగు మీద పడేస్తుంది. అదే ఆది. దాన్ని చూసి కొత్తది కుట్టాలి.

"కోటుకి ఆది యాడ తెచ్చేది బాబాయ్? మా తాతమ్మ ఉన్నికోటు పెట్టెలో ఉందేమో చూసి రానా?"

"ఒంటి మీదే కొలువు సాయిబూ" అన్నాడు పక్కనే ఉన్న ఇన్నయ్య మాష్టారు. "చిన్నప్పుడు చర్చిలో తొలి సత్ప్రసాదానికి తెల్లగౌను కుట్టింది నువ్వేగా. అప్పుడు కొలవలా?"

జాన్ సాహెబు పమిట మీదుగా టేపు తిప్పి, పాటలాగా గొంతెత్తి చెప్పాడు. మాష్టారు సుద్దముక్కతో అరుగు గోడ మీద రాసుకున్నాడు. ఛాతీ ముప్ఫై రెండు. భుజం పద్నాలుగు. చెయ్యి ఇరవై రెండు.

ఉన్నికోటు ఎట్లా కుడతారో జాన్ సాహెబుకి తెలియదు. తెలియదన్న మాట దాచుకోలేదు కూడా. ఫాదరు గారి పాతకోటు అడిగి తెచ్చి, అరుగు మీద పరిచి ఒక్కొక్క కుట్టే విప్పటం మొదలుపెట్టాడు. ఏ ముక్క ఎట్లా కత్తిరించారు, భుజంలో ఏం కూరారు, లోపలి అస్తరు గుడ్డ ఎక్కడ పట్టుకుంది, అన్నీ చూసి మళ్ళీ కుట్టి తిరిగిస్తానని మాట. సుందరి కూడా లావుపాటి పుస్తకం పట్టుకుని రోజూ ఆ అరుగు మీదికే వచ్చేది. గంటకోసారి పుస్తకం మూసి, మిషను కాలికి దారం కట్టి ఒంటిచేత్తో ముడి వెయ్యటం సాధన చేసేది. అక్కడ ఆపరేషను గదిలో ముందు ముడి చూస్తారట, తర్వాతే మొహం చూస్తారట.

"ఇట్రా సుందరమ్మా, ఈ తమాషా చూడు" అన్నాడు జాన్ సాహెబు ఒకరోజు, ఫాదరు గారి కోటు తిరగేసి. "ఇదుగో ఇప్పుడున్న కుట్టు. దీని పక్కన చుక్కలు చుక్కలుగా కనపడతన్నయ్యే, అవి పాత కుట్టు పీకిన బొక్కలు. ఇంకో వరస కూడా ఉంది చూడు. రెండుసార్లు వదులు చేశారు. అంటే ఫాదరు గారు కోటు కుట్టించుకున్నాక రెండుసార్లు ఒళ్ళు చేశాడు."

"మన గొడ్డుకారం తినా?"

"ఆ కారంలోకి పేరునెయ్యి ఎవరు పోశారో మీ నాయన్నడుగు."

సుందరి నవ్వి ఆ బొక్కల వెంట వేలు పోనిచ్చింది. "అయితే కోటు కూడా కేస్‌షీటే బాబాయ్. రోగి మంచానికి తగిలిస్తాం, రోజూ ఏం జరిగిందో అందులో రాస్తాం. చదివేవాడుంటే చానా చెప్పుద్ది."

"మనిషన్నా అబద్ధమాడతాడు గాని కుట్టు ఆడదమ్మా."

ఆ మాటకీ నవ్వబోయింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. ఉన్ని నూగు గొంతులో పడిందని మంచినీళ్ళు తాగింది.

కోటప్పకొండ తిరనాళ్ళకి ప్రభల వెంట సగం ఊరు వెళ్ళిపోయి బజారంతా బోసిగా ఉన్న రోజున మొదటిసారి కోటు తొడిగి చూశారు. అప్పటికింకా కచ్చాకుట్టే. భుజాలు కుదిరాయి. మెడ కుదిరింది. పక్కలు మాత్రం ఒంటికి ఎడంగా, బుట్ట బోర్లించినట్టు నిలబడ్డాయి. కత్తిరింపులో తనే తప్పు చేశానేమోనని జాన్ సాహెబు కోటు విప్పించి గుడ్డ కొలిచాడు. గోడ మీద మాష్టారు రాసిన అంకెకి సరిగ్గానే ఉంది. ఈసారి టేపు సుందరి చుట్టూ తిప్పాడు. ముప్ఫైన్నర.

పాటలాగా చెప్పబోయి నోరు మూసుకున్నాడు.

"ఎంతొచ్చింది బాబాయ్?"

"అంతే. ఉన్నిగుడ్డ గదా, తూకానికి సాగింది. నేను సరిచేస్తాలే."

జాన్ సాహెబు పని నేర్చుకున్నది నరసరావుపేటలో ముర్తుజా ఉస్తాదు దగ్గర. ఆ ఉస్తాదు సూది పట్టించిన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. పెరిగిన కొలత మనిషికి చెప్పు, తగ్గిన కొలత సూదికి చెప్పు. అంటే ఎవరైనా ఒళ్ళు తగ్గి వస్తే, తగ్గావని నోటితో అనకూడదు. అన్నామంటే ఆ తగ్గుదల అక్కడితో ఆగదు. దారం బిగిసిందనో గుడ్డ సాగిందనో చెప్పి, గుట్టుగా లోపలికి కుట్టెయ్యాలి. కుర్రతనంలో జాన్ సాహెబు ఈ మాటని లెక్కచెయ్యలేదు. పెళ్ళయిన పదో ఏట భార్య కాశింబీ రవికె బిగించమని తెచ్చిస్తే, అత్తగారి ముందు పరాచికానికి అననే అన్నాడు: "ఏందే, నాలుగు వేళ్ళు తగ్గిపోయావ్? నేను తెచ్చే గింజలన్నీ ఎలకలకి పెడతన్నావా?" అందరూ నవ్వారు, కాశింబీ కూడా నవ్వింది. ఎనిమిది నెలలు తిరక్కుండా దగ్గి దగ్గి, నెత్తురు కక్కి పోయింది. క్షయ అన్నారు ఊళ్ళోవాళ్ళు. జాన్ సాహెబు మాత్రం తన నాలుకే అనుకున్నాడు. ఇది జరిగి పన్నెండేళ్ళు. అప్పటినుంచీ ఆ నియమాన్ని నమాజంత నిష్ఠగా పాటిస్తున్నాడు.

తిరనాళ్ళ జనం తిరిగొచ్చేలోపల కోటు రెండు పక్కలా లోపలికి తీసి నల్లదారంతో కుట్టేశాడు. మిగిలిన గుడ్డ కత్తిరించలేదు, మడిచి అస్తరు వెనక దాచాడు. ఐర్లండులో పాలూ వెన్నా తిని పిల్ల ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవచ్చు.

నోటితో అనకపోయినా ఊరుకోలేదు. మర్నాటినుంచి ఇంట్లో మేక పాలు చెంబుతో తెచ్చి సుందరికి ఇచ్చేవాడు. గుంటూరు పోయినవాళ్ళచేత ఖర్జూరాలు తెప్పించాడు. గురువారం దర్గాకి పోయి తాయెత్తు కట్టించుకొచ్చి, "చదువుకునే పిల్లవి, దిష్టి తగలకుండా" అని చేతిలో పెట్టాడు.

"సిలువ పక్కన తాయెత్తు కడితే ఫాదరు గారు నన్ను ఓడ ఎక్కనిస్తారా బాబాయ్?" అని నవ్వి, దాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంది. అది ఊపిరితిత్తుల జబ్బుల పుస్తకమని జాన్ సాహెబుకి తెలియదు.

ఈస్టరుకి చర్చిలో పూజకి నిలబడే పిల్లలకి ఎర్ర అంగీలు కుట్టేది ఏటా జాన్ సాహెబే. ఆ పని మధ్యలో కోటు రెండోసారి తొడిగించాడు. మళ్ళీ ఎడం. ఈసారి ఇరవై తొమ్మిదిన్నర. సుందరి బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి, కళ్ళు మెరుస్తున్నాయి. ఓడ దగ్గరపడే కొద్దీ పిల్లకి కళ వస్తోందని బజారులో ఆడవాళ్ళు అనుకుంటున్నారు. కాశింబీ బుగ్గలూ అట్లాగే మెరిసిన సంగతి జాన్ సాహెబుకి గుర్తుంది.

మిషనులో ఎర్రదారం ఉంది. మార్చటానికి చేతులు ఆడలేదు. దానితోనే రెండో కుట్టు వేసేశాడు.

ఆ రోజంతా మిషను తొక్కలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే లేచి బడికి పోయాడు, ఇన్నయ్య మాష్టారికి చెప్పేద్దామని. ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు. తగ్గిందన్న మాట అనక్కర్లేదు, కొలత చెప్పక్కర్లేదు, 'పిల్లని ఒకసారి గుంటూరులో చూపించండి' అంటే చాలు. మాష్టారు పిల్లలకి ఎక్కాలు చెబుతున్నవాడు ఆపి, ఎదురొచ్చి, జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఓడ టిక్కెట్టు.

"చదవలేవు గాని ముట్టుకో సాయిబూ" అన్నాడు. "మా వంశంలో సముద్రం చూసినోడే లేడు. నా కూతురు దాన్ని దాటబోతంది. నిన్న ప్రార్థనలో ఏమడగాలో తోచలా నాకు. అన్నీ ఇచ్చేశాడు గదా."

జాన్ సాహెబు ఆ కాగితాన్ని ముట్టుకున్నాడు.

"ఏంది సాయిబూ, పనిగట్టుకుని వచ్చావ్?"

"ఏం లేదు మాష్టారూ. గుండీలు కొమ్ముయి పెట్టమంటారా, కొయ్యయి పెట్టమంటారా అని."

"కొమ్ముయే పెట్టు. దేశం పోయే కోటు."

మే నెల రెండో వారానికి కోటు తయారైంది. ఆ సాయంత్రం నాలుగింటికి కూడా గాడ్పు తగ్గలేదు. కొట్టు రేకులు టపటపమంటున్నాయి, కుక్కలు అరుగుల కింద నాలుకలు చాచి పడున్నాయి. సుందరి తల మీద కొంగు కప్పుకుని వచ్చింది. జాన్ సాహెబు కోటు పట్టుకుంటే చేతులు దూర్చి, కొమ్ము గుండీలు అయిదూ మెడదాకా పెట్టుకుంది. కోటు మళ్ళీ కాస్త ఎడంగా ఉంది. టేపు వెయ్యకుండానే ముప్పాతిక ఇంచీ అని జాన్ సాహెబు కళ్ళకి తెలిసిపోయింది.

"ఇంక తియ్యి తల్లీ, ఉడికిపోతావ్."

"ఉండనీ బాబాయ్. హాయిగా ఉంది." కాలరు చెవులదాకా లాక్కుంది. "ఒకసారి నడిచి చూస్తా. అక్కడ మంచులో నడవాలిగా."

అరుగు దిగి బజారులో నడిచింది. ఆ చివరిదాకా పోయి తిరిగొచ్చింది. కొట్లలోంచి జనం తొంగిచూశారు. ఎవరో ఈల వేశారు. వెంకటాద్రి గద్దె మీదనుంచి లేచి గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించాడు. "గెలిచావమ్మా! తాళాలు తెమ్మంటావా? ఈ పూటనుంచి కొట్టు నీదే. నన్ను గుమాస్తాగా అన్నా ఉంచు."

సుందరి నవ్వబోయింది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

వెంకటాద్రి ఆమె మొహంలోకి చూశాడు. కణతల మీద గాని, పైపెదవి మీద గాని ఒక్క చెమట చుక్క లేదు. కోటు చేతుల్లోంచి బయటికున్న వేళ్ళు వణుకుతున్నాయి.

"ఏందమ్మా? చలేస్తందా?" అన్నాడు. అన్నాక, తనన్న మాట తనకే అర్థమైనట్టు ఆగిపోయాడు.

రెంటచింతలలో, మే నెలలో, ఉన్నికోటులో ఒక మనిషికి చలేస్తోంది. బజారులో ఇంకెవరూ నవ్వలేదు. మంచినీళ్ళ కోసం చెంబు ఎత్తినవాడు అట్లాగే దించేశాడు. జాన్ సాహెబు మెడలో టేపు వేసుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఆ జనంలో ఆశ్చర్యపోనివాడు ఆయనొక్కడే.

నాలుగో రోజున గుంటూరులో ఎక్స్‌రే తీశారు. ఓడకి కావాల్సిన ఎక్స్‌రేనే. కుడి ఊపిరితిత్తి పైభాగంలో దొప్పంత గుల్ల పడింది. ఎడమవైపూ మచ్చలున్నాయి. ఫాదరు గారు ఐర్లండుకి తంతి ఇచ్చారు. మాష్టారు టిక్కెట్టు వాపసు పంపాడు. మంగళగిరి పక్కనున్న క్షయ ఆసుపత్రిలో మంచం దొరికింది.

మాచర్ల రైలు ఎక్కాల్సిన రోజు పొద్దున సుందరి కోటు చేతి మీద వేసుకుని ఒక్కతే కొట్టు దగ్గరికొచ్చింది. దగ్గరికి రాకుండా అరుగు చివర, ఎడంగా కూర్చుంది. కోటు తిరగేసి ఒళ్ళో పరిచింది. అస్తరు కింది అంచు విప్పి ఉంది.

"పెట్టెలోంచి తీసేస్తంటే అస్తరు కింద గట్టిగా తగిలింది బాబాయ్. చూద్దామని విప్పా." ఆమె గొంతులో కోపం లేదు, అదే జాన్ సాహెబుకి భయమేసింది. "ఇది అసలు కుట్టు వెయ్యాల్సిన గీత, సుద్ద గుర్తుంది. దానికి లోపల ఈ నల్లదారం. దానికీ లోపల ఎర్రదారం. ఎర్రది ఈస్టరుది, చర్చి పిల్లల అంగీలు అప్పుడేగా కుట్టావ్. అయితే ఈ నల్లది తిరనాళ్ళనాటిది."

జాన్ సాహెబు మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"గుడ్డ సాగిందన్నావే."

సుందరి నల్లదారం మీద వేలు పెట్టింది.

"తిరనాళ్ళకే తెలుసు గదా నీకు."

అప్పుడు చెప్పాడు. ఉస్తాదు మాట చెప్పాడు. కాశింబీ రవికె సంగతి చెప్పాడు. పన్నెండేళ్ళలో ఎవరికీ చెప్పని మాట, ఆ నవ్వులాట మాట, అదీ చెప్పాడు. సుందరి డాక్టరు రోగి మాట వింటున్నట్టు మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"గుంటూరులో డాక్టరు గారు ఏమన్నారో తెలుసా? తిరనాళ్ళప్పుడే వచ్చుంటే చిన్న మచ్చగా దొరికేదట. సూదిమందులతో మానేదట. వచ్చే ఏడు ఎక్కేదానివమ్మా ఓడ, అన్నారు."

జాన్ సాహెబు మిషను బల్ల మీద తల ఆనించాడు. "చెప్పుచ్చుకుని కొట్టు తల్లీ. ఎవరూ చూడటల్లేదు, కొట్టు."

"నిన్ను కొడితే మరి నన్నెవరు కొట్టాలి?" అంది సుందరి. "దీపాలు పెట్టేవేళకి రోజూ ఒళ్ళు కాలేది. థర్మామీటరు పెట్టెలోనే ఉంది. తియ్యలా. తీస్తే అంకె కనపడుద్ది, అంకె కనపడితే ఓడ పోద్ది. ఐదేళ్ళు చదివి ఆ పని చేశా. నువ్వు టేపు దాచావ్, నేను థర్మామీటరు దాచా. మా నాయన ఒక్కడే ఏమీ దాచలా, ఆయనకేమీ తెలియదు గనక."

కోటు మడిచి అరుగు మీద పెట్టింది. "ఇప్పుడు చెప్పు. ఎంత తగ్గా?"

"అనిపించమాక తల్లీ."

"చెప్పు బాబాయ్."

"తిరనాళ్ళకి ఇంచిన్నర" అన్నాడు జాన్ సాహెబు. "ఈస్టరుకి ఇంకో ఇంచీ. మొన్న ముప్పాతిక."

"అదీ." లేచి నిలబడింది. "నెలకోసారి ఆసుపత్రికి వచ్చి కొలువు. కొలిచి పాటలాగా చెప్పు, మొదటిసారి చెప్పావే అట్టా. సగం డాక్టర్నని అక్కడందరూ నాకు తీపి మాటలే చెబుతారు. నువ్వన్నా అంకె చెప్పు."

అట్లాగే పోయాడు. ఏరువాక పున్నం దాటాక ఒకసారి, ఆషాఢంలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి. మాచర్ల రైల్లో గుంటూరు, అక్కడినుంచి బస్సు. వార్డు వరండాలో సుందరి లేచి నిలబడేది, ఆసుపత్రి చొక్కా మీదుగా టేపు తిప్పేవాడు. మొదటిసారి ఇరవై ఎనిమిదిన్నర. చెప్పాడు. చెప్పి బయటికొచ్చి గోడవారగా కూర్చుని ఏడ్చాడు. రెండోసారి ఇరవై ఎనిమిది. మూడోసారీ ఇరవై ఎనిమిదే. "నిలబడిందమ్మా" అన్నాడు, రైలెక్కేదాకా అదే మాట తనలో తను అనుకుంటూ.

భాద్రపదంలో పోయినప్పుడు సుందరి లేవలేదు, మంచం మీదే కూర్చుంది. జాన్ సాహెబు టేపు తిప్పి అంకె చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇరవై తొమ్మిది!" అని అరిచాడు. వార్డులో మంచాల మీదివాళ్ళంతా తల తిప్పారు. "ఇంచీ పెరిగావ్ తల్లీ! పూర్తిగా ఇంచీ! అబద్ధమైతే నా కళ్ళు పోతయ్. ఇంద, నువ్వే చూసుకో."

సుందరి టేపు అందుకోలేదు. ఆమె మొహంలో ఏ సంతోషమూ రాలేదు. ఏదో పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నట్టు ఉంది.

"ఏ పక్క బాబాయ్?"

"పక్కేంది?"

"వెన్నుపూస దగ్గర్నుంచి ముందు గుండీలదాకా సగం కొలువు. ముందు ఎడమ."

కొలిచాడు. ఎడమ పద్నాలుగు. కుడి పదిహేను. కోటు కుట్టినా చొక్కా కుట్టినా మనిషికి రెండు పక్కలూ ఒకటే కొలతని లెక్క వేసుకునే దర్జీకి ఆ అంకె ఏమిటో అర్థం కాలేదు.

సుందరి ఎడమచెయ్యి వేళ్ళు కుడి డొక్క మీద పరిచి, కుడిచేతి వేలితో వాటి మీద తట్టింది. కుండ కొనేవాళ్ళు తట్టినట్టు తట్టింది. పైన ఒకరకంగా పలికింది. కిందికొచ్చేసరికి నిండుబిందె మీద తట్టినట్టు మొద్దుగా పలికింది. రెండోసారి తట్టి చెయ్యి దించేసింది.

"నీళ్ళు" అంది. "పెరిగింది నేను కాదు బాబాయ్."

జాన్ సాహెబు చేతిలో టేపు అట్లాగే వేలాడుతోంది.

"నువ్వు సరిగ్గానే కొలిచావ్లే. పోయి నర్సమ్మని పిలువు. డాక్టరు గారికి చెప్పాలి."

రెండుసార్లు సూది వేసి నీళ్ళు తీశారు. నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండగ నాలుగు రోజులుందనగా సుందరి పోయింది. రెంటచింతలకి తెచ్చి తల్లి పక్కనే పెట్టారు. ఫాదరు గారు ప్రార్థన చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగారు. జాన్ సాహెబు సిలువల మధ్య చెప్పులు విడిచి, అందరికంటే వెనక నిలబడ్డాడు.

ఆ వారం ఆయన ఇంకే పనీ చెయ్యలేదు. కోటు తీసి, మొదట ఎర్రదారం, తర్వాత నల్లదారం పీకాడు. మడిచి దాచిన గుడ్డంతా బయటికి తీసి, అరుగు గోడ మీద చెరిగీ చెరగకుండా ఉన్న మాష్టారి అంకె చూసి, సుద్దగీత మీదే కుట్టు వేశాడు. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేశాడు. పాత కుట్ల బొక్కలు మాత్రం వరసగా మిగిలాయి, ఎంత రుద్దినా పోలేదు. పట్టుకెళ్ళి ఇన్నయ్య మాష్టారి ఇంట్లో దండెం మీద వేశాడు.

"ఇదెవరికి సాయిబూ ఇంక?" అన్నాడు మాష్టారు.

"ఎవరికీ కాదు మాష్టారూ. అమ్మాయి కొలత ముప్ఫై రెండు. తక్కువ కొలత కోటు మీ ఇంట్లో ఉండగూడదు."

ఆ తర్వాత జాన్ సాహెబు బేరం పడిపోయింది. చెయ్యి తిరగక కాదు, నోరు మంచిది కాదని పేరొచ్చింది. రవికె బిగించమని ఎవరు తెచ్చినా, పాత ఆదినీ దీన్నీ పక్కపక్కన పరిచి, బజారంతా వినపడేట్టు తగ్గుదల చెబుతాడు. "రాజమ్మా, వేలెడు తగ్గింది నీకు" అంటాడు. ఉపవాసాలున్నాననో, కోతలకి పోయాననో వాళ్ళు చెప్పినా వినడు. దగ్గుందా, రాత్రిళ్ళు చెమట పడుతుందా అని ఆరా తీస్తాడు. నలుగురు తిట్టారు. ఆరుగురు బజారు అవతల ఇంకో దర్జీ యేసుపాదం దగ్గరికి మారిపోయారు.

"నీ నోటికి నా కొట్టుక్కూడా శని పట్టేట్టుంది సాయిబూ" అన్నాడు వెంకటాద్రి. అన్నాడే గాని అరుగు ఖాళీ చెయ్యమనలేదు.

మరుసటేడు తిరనాళ్ళ ముందు పత్తి ఏరటానికి పోతూ జ్ఞానమ్మ రవికె తెచ్చి అరుగు మీద పడేసింది. పట్టుమని పాతికేళ్ళు లేవు, చంకలో పిల్ల. "వదులైంది మామా, రెండు పక్కలా పట్టెయ్. సాయంత్రం తీసుకుంటా."

జాన్ సాహెబు రవికె పరిచాడు. రెండు పక్కలా ఇంతకు ముందే ఒకసారి లోపలికి పట్టిన కుట్టుంది. తనది కాదు, యేసుపాదం కుట్టు.

"మూడు వేళ్ళు తగ్గావమ్మా" అన్నాడు పైకే. "ఇది రెండోసారి. దీపాలవేళకి జ్వరం వస్తందా?"

"నీ నోట్లో మన్నుబడ!" రవికె లాక్కుంది జ్ఞానమ్మ. "పొద్దున్నే బిడ్డ తల్లిని పట్టుకుని అనే మాటేనా అది? తెలిసి తెలిసి నీకాడికొచ్చా చూడు, నాదీ బుద్ధి తక్కువ." విసవిసా నడిచిపోయింది.

జాన్ సాహెబు మిషను మీది పని అట్లాగే వదిలేసి, టేపు మెడలో ఉండగానే అరుగు దిగాడు. చెప్పుల కోసం కూడా ఆగలేదు.

"జ్ఞానమ్మా! తిట్టు, నడుస్తా తిట్టు, కాని విను. పిల్లని కిందికి దించు, మొహానికి దగ్గరగా ఎత్తుకోమాక. రేపు పొద్దున్నే రైలు. గుంటూరు నేను తీసుకుపోతా. ఒక ఫోటో అంతే, నొప్పుండదు. జ్ఞానమ్మా!"

ఆమె వెనక్కి తిరగలేదు. బజారు మలుపుదాకా అదే విసురుతో పోయింది. మలుపు దగ్గర ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగింది.

జాన్ సాహెబు అడుగు పెంచాడు.